నది మాట్లాడుతుందా: రెండు తెలుగు పాదాలు క్లింగాన్‌లోకి వెళ్ళిన దారి

మా మేనల్లుడు గుంటూరులో ఇంజినీరింగ్ ఆఖరి సంవత్సరం చదువుతున్నాడు. వాడి స్నేహితుడికి పుణెలో ఉద్యోగం వచ్చింది. ఇద్దరికీ స్టార్ ట్రెక్ అనే అమెరికన్ అంతరిక్ష కథలంటే ప్రాణం. వెళ్ళిపోయేవాడికి ఒక టీషర్ట్ ఇద్దామని, దాని మీద రెండు పాదాలు ఆ కథల్లోని క్లింగాన్ భాషలో అచ్చు వేయిద్దామని వీడు అనుకున్నాడు. పాదాలు వీడే తెలుగులో రాశాడు:

నా కృష్ణమ్మ నన్ను చూస్తూనే ఉంది,
నా కృష్ణమ్మను నేను మరువను.

ఫోన్లో ఒక అనువాద యాప్‌లో వేస్తే ఒక వాక్యం వచ్చింది. చాట్‌బాట్‌ని అడిగితే ఇంకోటి వచ్చింది. క్లింగాన్ కొంత నేర్చుకున్న సీనియర్ ఒకడు రెండింటికీ పొంతన లేదన్నాడు. అక్కడితో వీడికి టెన్షన్ పట్టుకుంది. ఆదివారం విజయవాడ వచ్చి, "మావయ్యా, నువ్వు ఇన్నేళ్ళు వ్యాకరణం చెప్పావు కదా, ఒకసారి చూడు" అని క్లింగాన్ వ్యాకరణం నా ముందు పెట్టాడు. నెల రోజులు దానితో కూర్చున్నాను. గొడవంతా చివరికి ఒక చిన్న ప్రత్యయం దగ్గర ఆగింది. దాని వెనక ఉన్న ప్రశ్న మాత్రం చిన్నది కాదు. దాన్ని అర్థం చేసుకోవాలంటే భాష మొదటి నుంచీ చూడాలి.

క్లింగాన్ ఎక్కడ పుట్టింది

స్టార్ ట్రెక్ కథల్లో క్లింగాన్లు ఒక యోధ జాతి. 1979లో వచ్చిన మొదటి స్టార్ ట్రెక్ సినిమా కోసం జేమ్స్ డూహన్ అనే నటుడు వాళ్ళకు కొన్ని మాటలు కల్పించాడు. 1984లో మూడో సినిమా తీసేటప్పుడు మార్క్ ఓక్రాండ్ అనే భాషాశాస్త్రవేత్తను పిలిచి పూర్తి భాష తయారు చేయించారు. ఓక్రాండ్ డాక్టరేట్ చేసింది కాలిఫోర్నియా ఆదివాసుల భాష ముట్సున్ మీద. ఆయన రాసిన క్లింగాన్ నిఘంటువు, వ్యాకరణంతో కలిపి, 1985లో అచ్చయింది. 1992లో అమెరికాలో క్లింగాన్ లాంగ్వేజ్ ఇన్‌స్టిట్యూట్ మొదలైంది. 2018లో భాషలు నేర్పే డ్యుయోలింగో యాప్‌లో పాఠాలు వచ్చాయి. మా వాడి తరం పిల్లలు చాలామంది అలాగే దీని మొహం చూశారు.

సినిమా కోసం కల్పించిన భాష కదా, దానికి వ్యాకరణమేమిటి అనుకునేవాళ్ళు ఉంటారు. నేనూ మొదట అలాగే అనుకున్నాను. పది పేజీలు చదివేసరికి ఆ అభిప్రాయం పోయింది. నియమాలున్నాయి, వాటికి మినహాయింపులున్నాయి, మినహాయింపులకు కారణాలున్నాయి. పైగా తెలుగు వ్యాకరణం చదివినవాడికి ఇందులో పాత చుట్టాలు చాలామంది కనిపిస్తారు.

ఉన్న ధ్వనులు, లేని ధ్వనులు

ఈ భాష పరాయిగా వినిపించాలని ఓక్రాండ్ కావాలనే ధ్వనుల కూర్పు చెడగొట్టాడు. నాలుక మడిచి పలికే డ ఉంది, దాని జంట ట లేదు. ష ఉంది, స లేదు. మన క, గ లేవు. వాటి బదులు ఇంకా లోపల, కొండనాలుక దగ్గర పలికే రెండు ధ్వనులున్నాయి. రోమన్ లిపిలో వాటిని చిన్న క్యూ, పెద్ద క్యూ అని రాస్తారు. అంటే పెద్ద అక్షరం వేసినా చిన్న అక్షరం వేసినా ఒకటే అనుకోవడానికి లేదు, మాటే మారిపోతుంది. ఇంకోటి, ఇంగ్లీషులో అక్షరం పక్కన వేలాడే పై కామా ఇక్కడ పూర్తి స్థాయి హల్లు. గొంతును ఠక్కున మూసి గాలిని ఆపడమే దాని ఉచ్చారణ.

ఈ వ్యాసంలో చిన్న క్యూని క అని, పెద్ద క్యూని ఖ అని, గొంతు ఆపడాన్ని పై కామాతో రాస్తున్నాను. క్లింగాన్‌లో పెదవులతో పలికే రెండు వేర్వేరు వ-కారాలున్నాయి. తెలుగు లిపిలో రెండూ వ గానే కనిపిస్తాయి, తప్పదు.

మాట మొదట్లో రెండు హల్లులు కలిసి రావడం ఈ భాషలో కుదరదు. కృష్ణ అనే పేరు అలాగే పెడితే ఆ నోటికి పట్టదు. కిరిష్‌న అని విడగొట్టుకోవాలి. మన పల్లెల్లో కృష్ణుడు కిష్టుడు, కిష్టయ్య అయినట్టే అన్నమాట. మా వాడు పేరు వదిలి 'నది' అనే మాట పెట్టుకున్నాడు. క్లింగాన్‌లో నీరు బిఖ్, నది బిఖ్‌తిక్. సముద్రానికి నీటి పక్కన 'పెద్ద' అనే ప్రత్యయం చేర్చి బిఖ్'అ' అంటారు. మహాజలం అని అర్థం చెప్పుకోవచ్చు.

కర్మ ముందు, కర్త చివర

తెలుగులో కర్త, కర్మ, క్రియ వరస. ఇంగ్లీషులో కర్త, క్రియ, కర్మ. క్లింగాన్‌లో కర్మ, క్రియ, కర్త. లోకంలోని భాషల్లో ఇది చాలా అరుదైన వరస. బ్రెజిల్‌లోని హిష్కర్యాన లాంటి కొద్ది భాషల్లోనే కనిపిస్తుంది.

ఉదాహరణ చూడండి. పుక్ అంటే బిడ్డ, షొష్ అంటే తల్లి, లెఘ్ అంటే చూడు.

పుక్ లెఘ్ షొష్: తల్లి బిడ్డను చూస్తుంది.
షొష్ లెఘ్ పుక్: బిడ్డ తల్లిని చూస్తుంది.

మన కవులకు ఈ వరస కొత్త కాదు. "బిడ్డను చూసె తల్లి" అని మన పద్యంలో హాయిగా రాయవచ్చు. కాని మనకు ఆ స్వేచ్ఛ ఇచ్చింది 'ను' విభక్తి. అది ఉన్నంతకాలం మాటలను ఎటు తిప్పినా ఎవరు ఎవర్ని చూశారో తెలిసిపోతుంది. క్లింగాన్‌లో కర్తకూ కర్మకూ విభక్తి లేదు. చోటే విభక్తి. తెలుగు కవి యతి కోసం, ప్రాస కోసం మాటను అటూ ఇటూ జరిపినట్టు ఇక్కడ జరిపితే తల్లి బిడ్డవుతుంది, బిడ్డ తల్లవుతుంది. తెలుగు నుంచి వెళ్ళేవాడు మొట్టమొదట పోగొట్టుకునేది ఇదే.

ముక్కకు ముక్క అతికే పద్ధతి

పోగొట్టుకున్నదానికి బదులు దొరికేది క్రియలో ఉంది. తెలుగులో 'చేయించుకోలేకపోయాను' అనేది ఒక్క మాట. చేయడం, ఇంకొకరితో చేయించడం, తన కోసం, కుదరకపోవడం, అది జరిగిపోవడం, నేను: ఇన్ని సంగతులు వరసగా అతుక్కుని ఉన్నాయి. క్లింగాన్ క్రియ కూడా ఇలాంటిదే. క్రియ తర్వాత వచ్చే ప్రత్యయాలను తొమ్మిది తరగతులుగా పెట్టారు, వరస తప్పకూడదు. మన 'ఇంచు'కు -మొహ్, 'గలను'కు -లహ్, 'ఆలి'కి -నిష్, 'డానికి'కి -మెహ్ ఉన్నాయి. ఇవి కాక వ్యతిరేకార్థం, నొక్కి చెప్పడం లాంటి కొన్ని ప్రత్యయాలు వరసతో పని లేకుండా తిరుగుతుంటాయి.

క్రియ ముందు కూడా ఒక ముక్క వస్తుంది. తెలుగులో 'చూశాను' అంటే చూసినవాణ్ణి నేనని క్రియ చివరే తెలుస్తుంది, ఎవర్ని చూశానో తెలియదు. క్లింగాన్‌లో క్రియ ముందు ముక్క రెండూ చెబుతుంది. వి- అంటే 'నేను దాన్ని', కా- అంటే 'నేను నిన్ను', ము- అంటే 'అతడు లేదా ఆమె లేదా అది నన్ను'. ఇలాంటివి రెండు డజన్లకు మించి ఉన్నాయి. అందుకే ములెఘ్ అన్న ఒక్క మాటలో 'నన్ను చూస్తుంది' మొత్తం ఇమిడిపోయింది.

అభిమానులందరికీ నోటికొచ్చిన ఒక వాక్యాన్ని విప్పి చూద్దాం: హెఘ్‌లు'మెహ్ ఖఖ్ జజ్‌వమ్. హెఘ్ అంటే చావు. -లు' అంటే చేసేది ఎవరైనా సరే, ఫలానా వ్యక్తి కాదని. -మెహ్ అంటే 'డానికి'. ఖఖ్ అంటే మంచిగా ఉండు. జజ్ అంటే రోజు, -వమ్ అంటే ఈ. 'చావడానికి మంచిది ఈ రోజు' అని ముక్కకు ముక్క మన తెలుగు వచ్చేసింది. గమనించండి, 'మంచి' ఇక్కడ విశేషణం కాదు, క్రియ. ఈ భాషలో విడిగా విశేషణాలే లేవు. పెద్దగా ఉండు, చల్లగా ఉండు అని అన్నీ క్రియలే. క్రియకు భూత, భవిష్యత్ కాలాలూ లేవు. పని ముగిసిందా, సాగుతోందా అన్నదే చెబుతుంది. సాగుతూ ఉంటే -తహ్.

మా వాడి మొదటి పాదంలో 'చూస్తూనే ఉంది'కి ఇది సరిగ్గా అతికింది: ములెఘ్‌తహ్. దాని పక్కన కర్త రావాలి. గొడవ మొదలైంది కూడా అక్కడే.

మాట్లాడేవాళ్ళు, మాట్లాడనివి

క్లింగాన్‌లో బహువచన ప్రత్యయాలు మూడు. భాష వచ్చిన ప్రాణులకు -పు', శరీర భాగాలకు -డు', మిగతా అన్నిటికీ -మెయ్. 'నా' అని చెప్పడానికి కూడా రెండున్నాయి. భాష వచ్చిన ప్రాణి అయితే -వి', కాకపోతే -విజ్. మా అమ్మ అనాలంటే షొష్‌వి', నా ఓడ అనాలంటే డుజ్‌విజ్. మాట్లాడే మనిషికి -విజ్ తగిలిస్తే వ్యాకరణం తప్పేమీ కాదు కాని అవమానం. 'నా ప్రభువు' అనేచోట అలా అంటే దాదాపు నిషిద్ధమని వ్యాకరణమే చెబుతుంది.

ఇది చదవగానే మన వ్యాకరణంలోని మహత్తు, అమహత్తు అనే విభజన గుర్తుకొస్తుంది. కాని గీత వేరేచోట పడింది. మన గీత ఏకవచనంలో ఒకచోట ఉంటుంది, బహువచనంలో ఇంకోచోట. 'ఆమె వచ్చింది, ఆవు వచ్చింది, బస్సు వచ్చింది' మూడింటికీ క్రియ ఒకటే. బహువచనానికి వస్తే 'ఆడవాళ్ళు వచ్చారు', 'ఆవులు వచ్చాయి'. ఏకవచనంలో అమ్మకూ నదికీ క్రియలో తేడా లేకపోవడం వల్ల మనకు ఒక గొప్ప వెసులుబాటు దొరికింది. 'కృష్ణమ్మ చూస్తూనే ఉంది' అన్నప్పుడు అది నదా, అమ్మా అని తెలుగు అడగదు. రెండూ ఒకేసారి నడుస్తాయి. మా వాడి పాదానికి ప్రాణం అదే.

క్లింగాన్ క్రియ కూడా ఇక్కడ అడ్డు రాదు. ము- లో ఆమె, అది రెండూ ఉన్నాయి. అడ్డు వచ్చేది 'నా' దగ్గర. బిఖ్‌తిక్‌విజ్ అంటే నీళ్ళు పారే నది. బిఖ్‌తిక్‌వి' అంటే మాట వచ్చిన నది. మధ్యలో నిలబడటానికి చోటు లేదు.

యాప్ -విజ్ వేసింది. చాట్‌బాట్ ఈ చిక్కును తప్పించుకుని, నది పక్కన తల్లిని పెట్టి బిఖ్‌తిక్ షొష్‌వి' అంది. రెండు నామవాచకాలు పక్కపక్కన పెడితే క్లింగాన్‌లో మొదటిది రెండోదానికి షష్ఠి. అంటే 'నదిని కన్న తల్లి' అయింది. తెలుగులో 'సీత తల్లి' అంటే సీతను కన్న తల్లి అయినా కావచ్చు, సీతమ్మ తల్లే కావచ్చు. ఆ రెండో అర్థం అక్కడ అంత సులువుగా రాదు.

సీనియర్ వాదన సూటిగా ఉంది. భాష రాని వస్తువుకు -వి' పెట్టకూడదు. నియమం ఉన్నది ఉన్నట్టు పాటిస్తేనే చదివేవాడు నమ్ముతాడు, నేర్చుకునేవాడు రాసిన ప్రతి తప్పునూ కవిత్వమంటే ఇక తప్పు అనేదే ఉండదు. ఇందులో న్యాయం ఉంది. నేనూ పరీక్ష పేపర్లు దిద్దినవాణ్ణే.

రెండో వాదనకు ఆధారం ఓక్రాండ్ వ్యాకరణంలోనే దొరుకుతుంది. బహువచనాల గురించి చెబుతూ, క్లింగాన్ కవులు ఒక భావం పలికించడానికి ఈ నియమాన్ని తరచు ఉల్లంఘిస్తారని ఆయన రాశాడు. ముక్కు రంధ్రాలకు శరీర భాగాల ప్రత్యయం బదులు -మెయ్ పెట్టి ట్లొన్‌మెయ్ అంటే, అవి అన్ని వైపులా చెల్లాచెదురుగా పడి ఉన్నాయనే అర్థం వస్తుంది. అంటే తరగతి మార్చడం కవికి ఒక పనిముట్టు. అయితే ఆయన ఆ మాట అన్నది బహువచనాల దగ్గర, 'నా' దగ్గర కాదు. ఇక్కడికి తెచ్చుకోవడం మన సాహసం. ఆ సంగతి దాచకూడదు.

నేను ఎటు మొగ్గానో చెబుతాను. 2024 సెప్టెంబర్ మొదట్లో ప్రకాశం బ్యారేజీ మీదుగా 11 లక్షల క్యూసెక్కులు దాటి నీరు వెళ్ళింది. ఆ రెండు రోజులు మా వీధిలో ఎవరూ 'నది పెరిగింది' అనలేదు. 'కృష్ణమ్మ ఆగట్లేదు', 'కృష్ణమ్మ ఇంకా శాంతించలేదు' అన్నారు. మా పక్కింటి పెద్దావిడ పసుపు కుంకుమ పళ్ళెంలో పెట్టుకుని గుమ్మంలో నిలబడి నది ఉన్న వైపు చూస్తూ మాట్లాడింది. మాట్లాడినవాళ్ళకు అది మాట విన్నట్టే. ఈ ఊరి నదికి -విజ్ పెడితే వ్యాకరణం నిలబడుతుంది, పద్యం నిలబడదు. బిఖ్‌తిక్‌వి' అన్నాను.

మరవలేదు, మరవలేను, మరువను

రెండో పాదంలో చిక్కు వేరు. లిజ్ అంటే మరచిపో. విలిజ్ అంటే 'దాన్ని మరచిపోతాను'. దీనికి వ్యతిరేకార్థం చెప్పడానికి దారులు మూడున్నాయి.

విలిజ్‌బె': మరచిపోను, మరచిపోలేదు. కేవలం సంగతి చెప్పడం.
విలిజ్‌లహ్‌బె': మరవలేను. మరచిపోయే శక్తి నాకు లేదు.
విలిజ్‌ఖొ': మరువను. మరచిపోవడానికి నేను ఒప్పుకోను.

మన పాటల్లో, ఉత్తరాల్లో ఎక్కువగా కనిపించేది రెండోది. 'మరవలేను' అనడంలో మనకు తీపి ఉంది, జ్ఞాపకం ముందు ఓడిపోవడంలో ప్రేమ ఉంది. యోధుల భాషలో 'నాకు శక్తి లేదు' అన్నది ప్రేమగా వినిపించదు. 'మరచిపోతానేమోనని భయం' అనడం ఇంకా కష్టం. 'భయపడు' అని చెప్పే -విప్ ప్రత్యయం ఉంది గాని, దాన్ని నేను, మేము అనే కర్తలతో వాడటం వాళ్ళ సంస్కృతిలో నిషిద్ధం. వ్యాకరణం ఒప్పుకుంటుంది, జాతి ఒప్పుకోదు.

అదృష్టం కొద్దీ మా వాడు రాసింది 'మరువను'. తెలుగులో ఈ రూపం మామూలు వ్యతిరేకార్థమూ అవుతుంది, పట్టుదలా అవుతుంది. ఆ పట్టుదల -ఖొ' లో పూర్తిగా దిగింది. నా మటుకు నాకు తెలుగు కన్నా ఇక్కడ క్లింగాన్‌లోనే ఆ మాట బలంగా ఉంది.

గురులఘువులు వేసి చూస్తే

ఇప్పుడు రెండు పాదాలూ కలిపి:

ములెఘ్‌తహ్ బిఖ్‌తిక్‌వి'
బిఖ్‌తిక్‌వి' విలిజ్‌ఖొ'

వరస చూడండి. మొదటి పాదంలో కర్మ 'నన్ను' క్రియలోనే ఉంది కాబట్టి క్రియ ముందొచ్చి కర్త నది చివర నిలిచింది. రెండో పాదంలో కర్త 'నేను' క్రియలోనే ఉంది కాబట్టి కర్మ నది ముందొచ్చింది. మొదటి పాదం వదిలిన మాటను రెండో పాదం పట్టుకుంది. మన అలంకారశాస్త్రంలో దీన్ని ముక్తపదగ్రస్తం అంటారు. తెలుగు మూలంలో ఇది లేదు. క్లింగాన్ వరస తనంతట తాను ఇచ్చింది.

ఛందస్సు సంగతి. క్లింగాన్‌లో దీర్ఘాచ్చు, హ్రస్వాచ్చు అనే తేడా లేదు. కాబట్టి దీర్ఘంతో గురువు రాదు. కాని మాటలు ఎక్కువగా హల్లుతో ముగుస్తాయి. ముగిసిన చోటల్లా తర్వాతి హల్లు తగులుతుంది, ముందక్షరం గురువవుతుంది. మన లెక్కలో క్లింగాన్ దాదాపు అంతా గురువులే. ఆటవెలది, తేటగీతి ఇందులో రాయాలంటే లఘువులు దొరక్క ఊపిరాడదు. లఘువు దొరికేది ఎక్కువగా క్రియ ముందు ముక్కల్లో: ము-, వి-, జి-.

మా వాడి పాదాలకు గురులఘువులు వేశాను. ము లఘువు, లెఘ్ గురువు, తహ్ గురువు: య-గణం. బిఖ్, తిక్, వి' మూడూ గురువులు: మ-గణం. రెండో పాదంలో ముందు మ-గణం, తర్వాత వి లఘువు, లిజ్, ఖొ' గురువులు: య-గణం. పాదానికి ఆరక్షరాలు, పదకొండు మాత్రలు. మొదటిది య-మ, రెండోది మ-య. అద్దంలో చూసినట్టు వచ్చింది. కాగితం మీద వేసి వాడికి చూపిస్తే కాసేపు మాట్లాడలేదు. ప్రాస మాత్రం కుదరలేదు, రెండో అక్షరాలు కలవవు. కాని రెండు పాదాలూ గొంతు ఠక్కున ఆగడంతోనే ముగుస్తాయి. వీడ్కోలు మాటకు అది నప్పింది.

లేని మాట పుట్టించవచ్చా

క్లింగాన్‌లోకి కవిత్వం తేవాలనుకునేవాళ్ళ మధ్య పాత వాదన ఒకటుంది. ఓక్రాండ్ ఇచ్చిన మాటలనే వాడాలనేది ఎక్కువమంది పద్ధతి. మాట లేకపోతే ఉన్నవాటితో తిప్పి చెప్పాలి. ఇంకొందరు ఉన్న మాటలను సమాసం చేసుకోవచ్చంటారు. భాషలోనే దానికి దారి ఉంది: మాట అనే ము', తాడు అనే ట్లెఘ్ కలిపి ము'ట్లెఘ్ అంటే వాక్యం. మాటల తాడు. ఇంత అందమైన సమాసం చూశాక మనమూ ఒకటి అల్లుదామనిపిస్తుంది. ఇబ్బందేమిటంటే, మనం అల్లినదాన్ని మనలాగే చదివేవాడు ఉండాలి. మాట్లాడేవాళ్ళు కోట్లలో ఉన్న భాషలో కొత్త మాట పదినోళ్ళ పడి నిలుస్తుంది. ఇక్కడ ఆ నోళ్ళు తక్కువ.

తిప్పి చెప్పినా పెద్ద కవిత్వం దిగుతుందనడానికి షేక్‌స్పియర్ హామ్లెట్ అనువాదం ఉంది. క్లింగాన్ లాంగ్వేజ్ ఇన్‌స్టిట్యూట్ 1996లో వేసింది. 'ఉండటమా, ఉండకపోవడమా' అన్న ప్రసిద్ధ పాదానికి అడ్డం ఏమిటంటే క్లింగాన్‌లో విడిగా 'ఉండు' అనే క్రియ లేదు. అక్కడ తహ్ అనే క్రియ తీసుకున్నారు, నిలిచి కొనసాగు అని అర్థం. పాదం మిగతా సగానికి 'ఇప్పుడు ఈ వాక్యాన్ని నేను ఆలోచించాలి' అన్నారు. ఇంగ్లీషు పాదంలో పదకొండు అక్షరాలుంటే ఇందులోనూ పదకొండే. అర్థం కొంచెం జరిగింది, నడక జరగలేదు. ఏది జరపాలి, ఏది జరపకూడదు అన్నదానికి అందరూ ఒప్పుకునే జవాబు లేదు.

ఈ భాష ఒక కంపెనీ సొత్తా అన్న ప్రశ్న కూడా కొందరిని కంగారు పెడుతుంది. స్టార్ ట్రెక్ హక్కుదారులు ఒక అభిమానుల సినిమా మీద వేసిన కేసులో 2016లో ఇది ముందుకొచ్చింది. భాషను ఎవరూ సొంతం చేసుకోలేరని భాషాకర్తల సంఘం కోర్టుకు రాసింది. 2017 జనవరిలో ఇరుపక్షాలూ రాజీ పడ్డాయి. భాష మీద తీర్పు రాలేదు.

పోయిన వారం పాదాలు అచ్చు వేయించడానికి గుంటూరు బ్రాడీపేటలో ఒక డీటీపీ షాపుకు వెళ్ళాం. రోమన్ లిపిలో రాసిచ్చిన కాగితం చూసి కుర్రాడు టైప్ చేశాడు. పెద్ద, చిన్న అక్షరాలు మా వాడు ఒక్కొక్కటీ వేలు పెట్టి చూపించాడు. అంతా అయ్యాక ఆ అబ్బాయి స్క్రీన్ మీద 'నది' మాట చివర చూపిస్తూ, "ఈ కామా పొరపాటున పడినట్టుంది, తీసేయనా అన్నా?" అన్నాడు.

"వద్దు తమ్ముడూ, అది అక్షరమే" అన్నాడు మా వాడు. "అది తీసేస్తే ఆవిడకి మాట పోతుంది."